వికలాంగ ఉద్యోగార్థులు – ఇంటర్వ్యూలు – మన కర్తవ్యం

"ఉద్యోగం పురుష లక్షణం" అన్న నానుడి మన భాషలో ఏనాటి నుండో వాడుకలో ఉంది. కాలం మారింది. స్త్రీలు పురుషులతో సమానంగా అన్ని రంగాలలో పని చేస్తున్న ఈ రోజుల్లో ఆ నానుడిని "ఉద్యోగం మనిషి లక్షణం" అని సవరించుకోవడమే సమంజసం. తాను సంపాదించిన అన్నం తినడంలోని తృప్తి, ఇంటిలో తన మాటకు లభించే విలువ, నలుగురిలో తల ఎత్తుకొని నడవగలిగే ధైర్యం, ఇవన్నీ ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయి. ఈ సత్యం అందరికీ వర్తించేదే అయినా, అంగవైకల్యంతో జీవించేవారికి మరింతగా వర్తిస్తుంది. ఏలనగా వారిని భారంగా భావించే అలవాటు మన ఇళ్లను, మన వీధులను ఇంకా విడిచిపోలేదు. ఆ భావాన్ని చెరిపివేయగల శక్తి సానుభూతి ఉపన్యాసాలకు లేదు. నెలనెలా చేతికి వచ్చే జీతానికి ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే వారు 22 లక్షలకు పైగా ఉన్నారు. వీరిలో చదువుకొన్న ప్రతి యువకుడూ, ప్రతి యువతీ ఏదో ఒక రోజున ఒక గది తలుపు ముందు నిలబడక తప్పదు. అదే ఇంటర్వ్యూ గది. చదువు, చట్టం, రిజర్వేషను అభ్యర్థిని ఆ తలుపు వరకు తీసుకొని రాగలవు. తలుపు మూసుకొన్న తరువాత లోపల గడిచే పదిహేను, ఇరవై నిమిషాలలో అతనికి ఎవరు తోడు? ఈ ప్రశ్ననే మేము ఇక్కడ పాఠకుల ముందు ఉంచదలచినాము.

ముందుగా చట్టం మాట. 1995లో చేసిన వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో నూటికి 3 వంతున కేటాయించింది. 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007లో ధ్రువీకరించింది. ఆ స్ఫూర్తితో వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. పాత చట్టం గుర్తించిన వైకల్యాలు 7 కాగా, కొత్త చట్టం గుర్తించినవి 21. ప్రభుత్వోద్యోగాలలో వాటా నూటికి 4కు పెరిగింది. అన్నింటికన్న ముఖ్యంగా, "సముచితమైన సర్దుబాటు" అనే భావాన్ని ఈ చట్టం ప్రవేశపెట్టింది. సంస్థకు మోయరాని భారం కలిగించకుండా, వికలాంగుడు ఇతరులతో సమానంగా తన హక్కును వినియోగించుకొనడానికి అవసరమైన మార్పు చేయడమే ఆ సర్దుబాటు. ఇరవై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ సైతం సమానావకాశాల విధానాన్ని రూపొందించుకొని, వికలాంగుల నియామకాన్ని చూచుటకు ఒక అనుసంధాన అధికారిని నియమించాలని 2017 నాటి నియమాలు చెప్పుచున్నవి.

చట్టం ఇంత చెప్పిన తరువాత కొరత ఎక్కడ ఉన్నది? వ్రాత పరీక్షను, మౌఖిక పరీక్షను పక్కపక్కన పెట్టి చూస్తే అది స్పష్టమవుతుంది. వ్రాత పరీక్షలో అంధునికి గాని, చేతులు సరిగా పని చేయనివానికి గాని లేఖకుని సహాయం దొరుకుతున్నది. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు కాలం ఇవ్వాలని 2018లో కేంద్ర ప్రభుత్వం జారీ చేసిన మార్గదర్శకాలు నిర్దేశించాయి. చేయి వ్రాతకు సహకరించని ఒక అభ్యర్థి విషయంలో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఇటువంటి సర్దుబాటు నిరాకరించడం వివక్షయే అవుతుందనీ, ఏ వ్యక్తికి ఏది అవసరమో ఆ వ్యక్తిని బట్టి ఆలోచించాలనీ స్పష్టపరచింది. వ్రాత పరీక్షలో గంటలు, నిమిషాలు లెక్క కట్టిన మనం మౌఖిక పరీక్ష దగ్గరకు వచ్చేసరికి అంతా పరీక్షకుల మంచితనానికి విడిచిపెట్టినాము. కాగితం మీది జవాబును దిద్దేవాడు అభ్యర్థి ముఖం చూడడు. ఇంటర్వ్యూలో ముందుగా చూచేది ముఖాన్నే. "ముఖం చూసి బొట్టు పెట్టడం" అన్న మన సామెతకు ఇంతకన్న తగిన చోటు మరొకటి లేదేమో!

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి గ్రూపు 'సి' ఉద్యోగాలకు, గెజిటెడ్ కాని గ్రూపు 'బి' ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించింది. అందుచేత ఆ మేరకు భయం తగ్గింది. కాని ఉన్నతోద్యోగాలకు, అధ్యాపక పదవులకు, నేడు మన విద్యార్థులలో ఎక్కువమందికి బ్రతుకుతెరువుగా మారిన ప్రైవేటు సంస్థల కొలువులకు ఇంటర్వ్యూ ఇంకా సింహద్వారమే.

మా కళాశాలలో తెలుగు, ఉర్దూ రెండు భాషలూ వినవస్తాయి. వైకల్యం గల వ్యక్తిని ఉర్దూలో "మాజూర్" అంటారు. ఆ మాటకు మూలం "ఉజ్ర్". అంటే సాకు, మినహాయింపుకు తగిన కారణం. మాజూర్ అంటే మన్నింపదగినవాడు, మినహాయింపు పొందినవాడు అని అర్థం. తెలుగులో వికలాంగులు అన్నాము. తరువాత దివ్యాంగులు అన్నాము. విభిన్న ప్రతిభావంతులు అనీ అంటున్నాము. పేర్లు మారినవి గాని చూపు అంతగా మారలేదు. ఇంటర్వ్యూ గదిలో నేటికీ జరుగుతున్నది "మాజూర్" అన్న మాటలోని మినహాయింపే. "పాపం, ఇతనిని ఎందుకు కష్టపెట్టాలి?" అని కఠినమైన ప్రశ్నలు అడగకుండా విడిచిపెడతారు. చిరునవ్వుతో రెండు తేలిక ప్రశ్నలు వేసి పంపివేస్తారు. అడగని ప్రశ్నకు జవాబు ఉండదు. జవాబు లేనిచోట మార్కులూ ఉండవు. అభ్యర్థి మాత్రం అందరూ ఎంతో ఆదరంగా మాట్లాడినారని సంతోషిస్తూ ఇంటికి పోతాడు. దయ ఈ విధంగా అన్యాయంగా పరిణమిస్తుంది. మినహాయింపు మాకు అక్కరలేదు, ప్రశ్న కావాలి అని అడగవలసిన కాలం వచ్చింది.

ప్రశ్న న్యాయంగా చేరడానికీ, జవాబు న్యాయంగా తిరిగి రావడానికీ అవసరమైన ఏర్పాటే మేము కోరే సహాయం. అది వైకల్యాన్ని బట్టి మారుతుంది. ఊతకర్రలతో నడిచే అభ్యర్థిని లిఫ్టు లేని భవనంలో మూడవ అంతస్తుకు రమ్మంటే, అతడు ఆయాసపడుతూ కూర్చున్న మొదటి ఐదు నిమిషాలలో పరీక్షకులు చూచేది అతని ఆయాసాన్నే. ఆ ఒక్క ఇంటర్వ్యూను క్రింది అంతస్తులో జరిపితే ఖర్చు ఏమున్నది? అంధుడైన అభ్యర్థి గదిలోకి రాగానే, అక్కడ ఎందరున్నారో, ఎవరు ఎటు కూర్చున్నారో ఒక్కొక్కరు తమ పేరు చెప్పి తెలిపితే చాలు. తల ఊపడం, చేతితో సైగ చేయడం అతనికి చేరవు, మాట చేరుతుంది. పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించే బధిరునికి ఎదుటివారి ముఖం మీద వెలుతురు ఉండాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న పరీక్షకుని ముఖం చీకటిగా ఉంటుంది. నోటికి చేయి అడ్డం పెట్టుకొంటే ప్రశ్న సగం పోతుంది. నత్తి గల అభ్యర్థికి కావలసినది కాలం. అతని వాక్యాన్ని మనం పూరించడం సహాయం కాదు, అతని జవాబును దొంగిలించడం. కొందరు ఆటిజం గల యువకులు ఎదుటివారి కళ్లలోకి చూసి మాట్లాడలేరు. గూఢమైన ప్రశ్నలకు తడబడతారు. కాని పని చేతికిస్తే పొరపాటు లేకుండా చేసి చూపుతారు. అటువంటివారిని మాటలతో గాక, ఒక పూట పని ఇచ్చి పరీక్షించడం మేలు. నేడు కంప్యూటరు తెర మీద జరిగే ఇంటర్వ్యూలు పెరిగినవి. ప్రయాణం తప్పినందున కొందరికి ఇది వరమే. అయితే మాటను అక్షరాలుగా తెర మీద చూపే ఏర్పాటు లేకపోతే బధిరునికి, తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు లొంగని పరీక్ష అయితే అంధునికి అదే వరం శాపమవుతుంది.

ఇక సహాయకుల విషయం. వినికిడి లేని ఒక పట్టభద్రుడు తన అన్నగారితో కలిసి ఒక సంస్థకు ఇంటర్వ్యూకు వెళ్లినాడనుకొందాము. పరీక్షకులు అభ్యర్థి వైపు ఒకసారి చూచి, ఆపై అన్నగారితోనే మాట్లాడతారు. "మీ తమ్ముడు ఈ పని చేయగలడా? ఇంతకు మునుపు ఎక్కడైనా చేసినాడా?" అని అడుగుతారు. అన్నగారు ప్రేమతో తన తమ్ముని గొప్పతనాన్ని వర్ణిస్తారు. పావుగంట గడుస్తుంది. ఉద్యోగం కోరినవాడు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చుంటాడు. ఇటువంటి దృశ్యాలు మన చుట్టూ అరుదు కావు. ఇందులో అన్నగారి దోషం లేదు. బంధువు చేయవలసిన పని వేరు, దుబాసీ చేయవలసిన పని వేరు. సైగల భాష తెలిసిన దుబాసీ పరీక్షకుని పక్కన, అభ్యర్థికి ఎదురుగా కూర్చుంటాడు. అడిగినది అడిగినట్లు చేరవేస్తాడు, చెప్పినది చెప్పినట్లు వినిపిస్తాడు. ఒక్క మాట కలపడు, ఒక్క మాట తీయడు. పరీక్షకుడు దుబాసీని గాక అభ్యర్థినే చూస్తూ, అతనినే "మీరు" అని సంబోధించి మాట్లాడాలి. భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో న్యూఢిల్లీలో ఏర్పడి దుబాసీలకు శిక్షణ ఇస్తున్నది. బ్రిటన్‌లో బధిర అభ్యర్థికి ఇంటర్వ్యూలో కావలసిన దుబాసీ ఖర్చును ప్రభుత్వమే "యాక్సెస్ టు వర్క్" అనే పథకం క్రింద భరిస్తుంది. మన రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకు కొందరు దుబాసీలనైనా ఏర్పాటు చేసి, ఇంటర్వ్యూల దినాలలో వారి సేవను ఉచితంగా అందించితే ఎంతో మేలు.

ఏ ప్రశ్న అడగాలి అన్నది కూడా సహాయంలో భాగమే. "మీరు రోజూ ఎలా వస్తారు? మీకు తోడు ఎవరు? మీ జబ్బు ఎప్పటి నుండి?" అన్న ప్రశ్నలు వికలాంగులకు సుపరిచితాలు. వికలాంగ యువతి అయితే "పెళ్లి మాట ఏమిటి?" అన్నది కూడా చేరుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పనికి సంబంధించినది కాదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ ఉద్యోగంలో ఈ ఈ పనులున్నవి, వీటిని మీరు ఏ విధంగా చేస్తారు?" బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఉద్యోగం ఇవ్వజూపక మునుపు అభ్యర్థి ఆరోగ్యాన్ని గురించీ, వైకల్యాన్ని గురించీ ప్రశ్నించడాన్ని సాధారణంగా నిషేధించింది. ఇంటర్వ్యూకు ఏ ఏర్పాట్లు కావలెనో తెలుసుకొనుటకు, ఆ పనికి ప్రాణభూతమైన అంశాన్ని అభ్యర్థి నెరవేర్చగలడో లేదో తెలుసుకొనుటకు మాత్రం అనుమతించింది. అమెరికాలో 1990 నాటి చట్టం కూడా ఇదే మార్గంలో నడిచింది. ఈ పద్ధతి మనకూ ఆచరణీయమని మా నమ్మకం.

ఈ వాదానికి ఎదురుగా రెండు అభ్యంతరాలు వినబడుతాయి. అవి నిజాయితీతో అడిగేవే గనుక సమాధానం చెప్పడం మన విధి.

మొదటిది: "ఒకరికి ఏర్పాట్లు చేస్తే తక్కినవారికి అన్యాయం కాదా?" కంటి అద్దాలు పెట్టుకొన్న అభ్యర్థిని అద్దాలు తీసి ప్రశ్నపత్రం చదవమని మనం ఏనాడైనా అడిగినామా? అద్దాలు అతనికి తెలివిని ఇవ్వలేదు. ఉన్న తెలివికి దారి మాత్రం ఇచ్చినవి. వాలుబాట, దుబాసీ, అదనపు పది నిమిషాలు కూడా అటువంటివే. జవాబు తప్పైతే తప్పే. ఆ తప్పుకు మార్కులు వేయమని ఎవరూ అడగడం లేదు.

రెండవది: "కొన్ని పనులు కొందరు నిజంగా చేయలేరు గదా?" చేయలేరు, ఆ మాట ఒప్పుకొనవలసినదే. అయితే ఏ ఉద్యోగానికి ఏ సామర్థ్యం అవసరమో ప్రకటనకు ముందే నిపుణులు ఆలోచించి నిర్ణయించాలి. అభ్యర్థి తలుపు తీసుకొని లోపలికి వచ్చిన క్షణంలో, కంటి చూపుతో నిర్ణయించేది కాదు అది. వెన్నెముక వంకర గల ఇరా సింఘాల్ 2010 సివిల్ సర్వీసుల పరీక్షలో నెగ్గినప్పుడు, నెట్టలేరు, లాగలేరు, ఎత్తలేరు అన్న కారణంతో ఆమెకు రెవెన్యూ సర్వీసులో నియామకం నిరాకరింపబడింది. పన్నుల అధికారి నెట్టవలసిన బండి ఏమిటో, ఎత్తవలసిన మూట ఏమిటో మనకు తెలియదు! ఆమె కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌ను ఆశ్రయించి గెలిచింది. 2014 పరీక్షలో యావద్దేశానికీ ప్రథమురాలుగా నిలిచింది. అంధులు న్యాయమూర్తులు కాజాలరన్న అభిప్రాయమూ ఇటువంటిదే. 2025 మార్చి 3న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, కేవలం వైకల్యం కారణంగా ఎవరినీ న్యాయ సేవా నియామకాలకు దూరం చేయరాదని తీర్పు చెప్పింది.

మన తెలుగునాటి ఉదాహరణలు కూడా లేకపోలేదు. బాల్యంలోనే పోలియో సోకి ఊతకర్రలతో నడిచిన ఎస్. జైపాల్ రెడ్డి 1969లో కల్వకుర్తి నుండి శాసనసభకు ఎన్నికైనారు. తరువాత కేంద్ర మంత్రి అయినారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందినారు. ఆ పల్లె ఓటర్లు ఆయన ఊతకర్రలను గాక ఆయన మాటను విన్నారు. వారికి ఉన్న పాటి వివేకం చదువుకొన్న నియామక సంఘాలకు ఉండరాదా? మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో అంధుడుగా జన్మించిన బొల్లా శ్రీకాంత్, పదవ తరగతి తరువాత విజ్ఞాన శాస్త్రం చదువుటకే న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వచ్చింది. ఆయనే అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి వికలాంగులకు పని కల్పించినాడు. ఒకనాడు తలుపు బయట నిలబెట్టబడినవాడు నేడు తలుపు తీసేవాడైనాడు. అయితే అందరూ ఇంతటి అసాధారణులు కావాలని కోరడం న్యాయం కాదు. సామాన్యమైన చదువు చదివిన వికలాంగునికి సామాన్యమైన గుమాస్తా కొలువు సామాన్యంగా దొరికిన నాడే సమానత్వం వచ్చినట్లు.

ఇక మన కర్తవ్యం. సంస్థలకు మా విన్నపం చిన్నది. ఇంటర్వ్యూకు పిలిచే ఉత్తరంలో ఒక్క వాక్యం చేర్చండి: "ఇంటర్వ్యూకు హాజరగుటకు మీకు ఏవైనా ఏర్పాట్లు అవసరమైనచో ఈ తేదీలోగా తెలుపగలరు." ఈ ఒక్క వాక్యం ఉంటే అభ్యర్థి బిడియపడుతూ బ్రతిమాలవలసిన పని లేదు. అడిగినది సంస్థయే గనుక చెప్పడం అతనికి సులభం. పైకి కనబడని వైకల్యం గలవారు తమ సంగతి వెల్లడించాలో వద్దో తామే నిర్ణయించుకోగలరు. పరీక్షకులు అందరు అభ్యర్థులకూ ముందుగా వ్రాసుకొన్న ఒకే ప్రశ్నలు వేసి, ప్రతి జవాబుకూ విడిగా మార్కులు వేస్తే, ముఖం చూసి బొట్టు పెట్టే అలవాటు సగం దానంతట అదే తగ్గుతుంది.

అభ్యర్థులకు కూడా ఒక మాట. సదరం ధ్రువపత్రం, వైకల్య గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. కావలసిన ఏర్పాటును ముందుగానే వ్రాతపూర్వకంగా అడగండి. ఆ ఉత్తరం నకలు దాచుకోండి. అది యాచన కాదు, హక్కు. "మీరు ఈ పని ఎలా చేస్తారు?" అన్న ప్రశ్నకు రెండు నిమిషాల జవాబు సిద్ధం చేసుకోండి. వీలైతే చేసి చూపండి. తెరను చదివే సాఫ్ట్‌వేరుతో ఒక ఉత్తరం టైపు చేసి చూపిన అంధునికి వేరే సిఫారసు అవసరం లేదు. హైదరాబాదులో వికలాంగుల కొరకు ఉన్న నేషనల్ కెరీర్ సర్వీస్ కేంద్రాన్ని, పూర్వం వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్ అని పిలువబడినదానిని, సంప్రదించడం మరువకండి.

చివరగా మన కళాశాలలు. అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలు ఎందుకు పుట్టినవి? సంఖ్యలో తక్కువైనవారు అవకాశంలో తక్కువ కారాదన్న ఆశయంతోనే గదా! తమ గోడలలోపలే మరింత అల్పసంఖ్యాకులై, బల్ల చివర మౌనంగా కూర్చున్న వికలాంగ విద్యార్థిని ఆ ఆశయం మరువరాదు. ప్రతి కళాశాలలోను చివరి సంవత్సరంలో నమూనా ఇంటర్వ్యూలు జరపాలి. అందులో వికలాంగ విద్యార్థులను కూడా కూర్చోబెట్టి, దయాదాక్షిణ్యం లేకుండా కఠినమైన ప్రశ్నలు వేయాలి. తోటి విద్యార్థులు కొందరు సైగల భాష నేర్చుకోవాలి. నియామకాల కొరకు కళాశాలకు వచ్చే సంస్థలను, మా విద్యార్థికి ఏ ఏర్పాటు చేస్తారని ముందే అడిగే అధ్యాపకుడొకడు ఉండాలి. ఇవి నిధులు కోరే పనులు కావు, మనసు కోరే పనులు.

పాఠక మిత్రులలో అనేకులు రేపటి అధికారులు, యజమానులు, అధ్యాపకులు. బల్లకు అవతలి పక్కన కూర్చొని ప్రశ్నలు అడిగే రోజు మీకు తప్పక వస్తుంది. ఆనాడు ఊతకర్రల చప్పుడు గాని, చేతికర్ర తాకిడి గాని గుమ్మం దగ్గర వినబడితే, మొదట ఒక కుర్చీ సరిచేయండి. తరువాత అందరినీ అడిగిన ప్రశ్ననే అడగండి. ఆపై ఓపికగా వినండి. వారు కోరేది ఇంతే. ఇంతకు తక్కువ ఇవ్వడానికి మనకు అధికారం లేదు.